ఎవరెస్ట్ ప్యాకేజీలో కనిపించని లెక్క

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, డబ్బులు కడితే ఎవరెస్ట్ ఎక్కిస్తారా?" గ్యారంటీ లేదు గానీ, తాళ్లు కట్టి, టెంట్ వేసి, ఆక్సిజన్ సిలిండర్లు మోసి పెడతారు. నేపాల్ పర్మిట్ ఒక్కటే 2025 సెప్టెంబర్ నుంచి 15,000 డాలర్లు. నా పాత జీతంతో లెక్కేసి ల్యాప్‌టాప్ మూసేశాను.

అసలు విషయానికొద్దాం. బేస్ క్యాంప్ దాటగానే ఖుంబు ఐస్‌ఫాల్. గ్లేసియర్ అంటే గడ్డకట్టి ఆగిపోయింది కాదు, మెల్లగా కిందికి జారే మంచు నది. ఇక్కడ వాలు ఎక్కువ, అందుకే ఇళ్లంత ముక్కలుగా విరుగుతుంది. ప్రతి సీజన్‌కీ 'ఐస్‌ఫాల్ డాక్టర్లు' అనే షెర్పాల టీమ్ పగుళ్ల మీద నిచ్చెనలు, తాళ్లు కడుతుంది. పగులు పెరిగితే మళ్లీ కట్టాలి. డబ్బు కట్టినవాళ్లు ఆ దారిలో కొన్నిసార్లే నడుస్తారు. వాళ్ల సామాను మోసే షెర్పాలు మాత్రం తిరుగుతూనే ఉండాలి.

2014 ఏప్రిల్ 18 ఉదయం అక్కడే మంచు చరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీ వర్కర్లే, క్లయింట్ ఒక్కరూ లేరు. ప్రభుత్వం మొదట ప్రకటించింది కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు! షెర్పాలు పని ఆపేశారు.

మన మాలావత్ పూర్ణ శిఖరం చేరింది ఆ సీజన్‌లోనే, మే 25న, టిబెట్ వైపు నుంచి. పదమూడేళ్ల పిల్ల. ఆ వార్త అప్పుడే చదివాను. ఈ 16 మంది సంగతి మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది.

మీరు ఏజెన్సీతో మాట్లాడితే, మీతో వచ్చే షెర్పాకి ఇన్సూరెన్స్ ఎంతో అడగండి. నేను రెండు చోట్ల అడిగాను. ఒకాయన వెంటనే అంకె చెప్పాడు. ఇంకొకాయన "చూసి చెప్తా సార్" అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు.