జిసూ పాట వచ్చేసరికి నా ఫోన్ ఫుల్!

పోయిన ఎపిసోడ్ చూసిన వాళ్ళు చాలామంది ఒకటే అడిగారు: "అక్కా, బ్లాక్‌పింక్‌ని లైవ్‌లో చూశానన్నావుగా, ఎలా ఉందో చెప్పలేదేంటి?" అని. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ కథలో నేను సిగ్గుపడే ముక్క ఒకటుంది. సరే, ఈరోజు దాచకుండా మొత్తం చెప్పేస్తా.

మా ఇంట్లో అసలు ఫ్యాన్ నేను కాదు, మా చెల్లి. 2020 జూన్‌లో, కోవిడ్ టైమ్‌లో, 'హౌ యు లైక్ దట్' వీడియో వచ్చింది. ఒక్క రోజులో 8 కోట్లకు పైగా వ్యూస్. అందులో ఓ నలభై మా చెల్లివే అయ్యుంటాయి! తెనాలిలో మా ఇద్దరికీ ఒకటే గది. నాకు ఆఫీసు కాల్స్, దానికి కొరియన్ పాటలు. "ఆ భాష నీకేం అర్థమవుతుందే?" అని రోజూ తిట్టేదాన్ని. అది మాత్రం ఓపిగ్గా నాకు పాఠం చెప్పేది. జిసూ, జెన్నీ, రోజే, లిసా. లిసాది థాయ్‌లాండ్. రోజే పుట్టింది న్యూజిలాండ్‌లో, పెరిగింది ఆస్ట్రేలియాలో. తన ఫేవరెట్ జిసూ.

ఆ ఏడాదే నా ఉద్యోగం పోయింది. మూడు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రాత్రి నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే, చెల్లి ఏమీ అడగకుండా ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టేది. రెండోది తన చెవిలో. అలా అయ్యాను నేను ఫ్యాన్.

తర్వాత నాకు సింగపూర్‌లో జాబ్ వచ్చింది. 'బార్న్ పింక్' టూర్ 2023 మే 13, 14 తేదీల్లో ఇక్కడి నేషనల్ స్టేడియంకి వస్తోందని తెలియగానే రెండు టికెట్లు కొనేశా. ఒకటి నాకు, ఒకటి చెల్లికి. దానికి ఫోన్‌లో చెప్తే అరిచిన అరుపుకి పక్కింటి ఆంటీ కూడా వచ్చేసిందట. అప్పటికి ఎంసెట్ తేదీలు రాలేదు. వచ్చాక చూస్తే ఏముంది, మే 15 నుంచి! అమ్మ ఒకటే మాట అంది: "పాటలు మళ్ళీ వస్తాయి. పరీక్ష రాదు."

చెల్లి ఏడవలేదు. "మరి నువ్వు వెళ్తావా?" అని మాత్రం అడిగింది. ఇదిగో, ఇక్కడే నేను తప్పు చేశా. "నువ్వు లేకుండా నేనెందుకు వెళ్తానే, రెండూ అమ్మేస్తా" అన్నాను. కానీ ఒకటే అమ్మాను. కొన్న రేటుకే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయికి ఇచ్చా, ఇక్కడ నర్సుగా చేస్తుంది. నా టికెట్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా. అమ్మతో మాట్లాడుతూ నోరు జారా, అమ్మ ద్వారా చెల్లికి తెలిసిపోయింది. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. పరీక్ష ముందు దాన్ని బాధపెట్టానే అని నాకు తిండి కూడా సయించలేదు. 13వ తేదీ పొద్దున్న ఒక్క మెసేజ్ వచ్చింది: "జిసూ ఫ్లవర్ చేసేటప్పుడు వీడియో తియ్యి." అంతే. అక్కా అన్న పిలుపు కూడా లేదు.

ఇక స్టేడియం. 55 వేల మంది పట్టే చోటు, పైన 310 మీటర్ల వెడల్పున డోమ్. మన ఊళ్ళో మొదటి రోజు మొదటి ఆటకి హీరో ఎంట్రీ అప్పుడు కాగితాలు ఎగరేసి ఈలలు వేస్తారు చూడండి, దాన్ని కొన్ని వందల రెట్లు చేయండి. కాగితాల బదులు గులాబీ రంగు లైట్ స్టిక్కులు. నా సీటు ఎంత దూరమంటే, నలుగురూ బొటనవేలి గోరంత కనిపించారు. మొదటి పాటే 'హౌ యు లైక్ దట్'. ఆ బీట్ చెవికి కాదు, గుండెల్లో తగిలింది.

నేనేం చేశానో తెలుసా? ఫోన్ పైకెత్తి రికార్డ్ చేస్తూనే ఉన్నా. చెల్లి కోసం అని ప్రతి పాటా. నా కళ్ళతో చూసింది తక్కువ, ఫోన్‌లో చూసిందే ఎక్కువ. తీరా జిసూ 'ఫ్లవర్' మొదలయ్యేసరికి స్టోరేజ్ ఫుల్! చేతులు వణికాయి. తల వంచుకుని పాత ఫోటోలు డిలీట్ చేస్తుంటే, పక్కన ఆ నర్సమ్మాయి నా భుజం పట్టి ఊపి స్టేజీ వైపు చూపించింది. ఫోన్ జేబులో పెట్టేశా. మిగిలిన సగం పాట చూశా. ఆ రోజు నేను నిజంగా చూసింది అదే. చివర్లో ఏం చేశానంటే, జిసూ పేరు కాదు, మా చెల్లి పేరు పెట్టి గట్టిగా అరిచా. ఎవరూ వింతగా చూడలేదు. అక్కడ అందరూ ఎవరో ఒకరి పేరు అరుస్తున్నారు.

షో అయ్యాక ఎమ్మార్టీ స్టేషన్‌కి నడుస్తూ ఫోన్ చేశా. ఇక్కడ రాత్రి పది దాటింది, ఇంట్లో ఏడున్నర. "వీడియో లేదే, సారీ" అన్నాను. గొంతు కూడా పోయింది. చెల్లి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "వీడియోలు రేపటికి యూట్యూబ్‌లో వంద వస్తాయి. నువ్వు వెళ్ళినందుకు కాదక్కా నా కోపం, అబద్ధం చెప్పినందుకు. వెళ్తానని చెప్పుంటే, వెళ్ళు అనేదాన్ని కదా. సరే, ఇప్పుడు మొదటి నుంచి చెప్పు."

రెండు రైళ్ళు వదిలేశా. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, పోయిన గొంతుతోనే నలభై నిమిషాలు చెప్పా. డ్రెస్ ఏ రంగు, ఎటు నడిచింది, ఎప్పుడు నవ్వింది, అన్నీ. అవతల నుంచి "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది. మధ్యలో అమ్మ గొంతు వినిపించింది: "ఆ పిల్ల ఏమైనా తిన్నదా లేదా అడుగు." నన్నా, జిసూనా అన్నది నాకింకా డౌటే.

చెల్లి పరీక్ష బాగానే రాసింది, ఇప్పుడు ఇంజనీరింగ్ చేస్తోంది. ఆ రాత్రి తీసిన వీడియోలు ఈమధ్య చూశాం ఇద్దరం. అన్నీ ఊగుతున్నాయి, పాట కంటే నా అరుపులే ఎక్కువ. అది డిలీట్ చేయనివ్వట్లేదు.

మీరు లైవ్ షోకి వెళ్తే ముందురోజే ఫోన్ ఖాళీ చేసుకోండి. ఒక పాట తీసుకుని, జేబులో పెట్టేయండి. ఇంట్లో ఎవరినైనా వదిలి వెళ్తుంటే, వెళ్తున్నానని వాళ్ళ మొహం మీదే చెప్పండి. కోపం వస్తుంది, పోతుంది. మీకు ఏ గ్రూప్ అంటే ఇష్టమో, ఎవరి వల్ల ఫ్యాన్ అయ్యారో కామెంట్స్‌లో రాయండి. చెల్లి కూడా చదువుతుంది. ఉంటా మరి, బై!