మూడో పని

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం పెట్టారో ఆ డాక్టరుగారి గుణగణాలు ఆహ్వాన పత్రికలోనే ఉన్నాయి, మళ్లీ చదవను. నా దగ్గర తీసుకున్న పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో నాతో తగాదా పెట్టుకుని గానీ తిరిగి ఇచ్చేవారు కాదు. ఈ గౌరవానికి కృతజ్ఞుణ్ణి. ఆ తగాదా మాత్రం ఇంకా తెగలేదు.

హైదరాబాదు ఆరోగ్య చరిత్రలో, బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, 1908 మూసీ వరద, అంటువ్యాధుల కోరంటి దవాఖానా: ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ వరద తర్వాత 1909లో ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారికి నిజాం సర్కారు అప్పగించిన పనులు మూడు. నగర పునర్నిర్మాణానికి సలహా, వరద నుంచి రక్షణ, మురుగునీటి పథకం. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి, పాఠ్యపుస్తకాలకెక్కాయి. మూడో పని వెనకబడింది, చరిత్రలో పెద్దగా కనిపించదు. మోరీకి శిలాఫలకం ఎవరు వేస్తారు?

మా తగాదా ఈ మోరీల గురించే. జనం ఆయుష్షు పెంచింది మోరీలు కాదు, తిండి అన్నది డాక్టరుగారి వాదం. ఆయనకు వత్తాసు బ్రిటిష్ వైద్యుడు థామస్ మెక్‌కియోన్, 1976 నాటి పుస్తకం. చరిత్రకారుడు సైమన్ శ్రెటర్ 1988లో దాన్ని గట్టిగానే ఖండించాడు. మెరుగైన తిండే క్షయను తగ్గించిందంటే, అదే కాలంలో బ్రాంకైటిస్, న్యుమోనియా మరణాలు ఎందుకు పెరిగాయని అడిగాడు. నాకు అంతకంటే బలంగా తోచేది పసిపిల్లల లెక్క. ఇంగ్లండులో 1899లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 163 మంది ఏడాది నిండకుండానే పోయారు. 1910 నాటికి అది 105కి దిగింది. ఆ పదకొండేళ్లలో అక్కడి కూలివాడి నిజవేతనం దాదాపు పెరగనే లేదు. మరి అదనపు తిండి ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చినవి వేరే: 1899లో సెయింట్ హెలెన్స్‌లో మొదలైన పాల కేంద్రాలు, పుట్టుక కబురు వెంటనే హెల్త్ ఆఫీసరుకు చేరేలా 1907లో చేసిన చట్టం, బాలింత గడప తొక్కిన హెల్త్ విజిటర్లు, పాత గుంట దొడ్లు పోయి పారే నీటి మరుగుదొడ్లు.

“వేసవులు చల్లబడ్డాయంతే” అని పెన్సిలు రాత. నిజమే, 1911లో ఎండలు మండి లెక్క మళ్లీ 130కి ఎగబాకింది. కానీ 1899 వేసవీ మండినదే. అప్పుడు 163, ఇప్పుడు 130. ఎండ మారలేదు, ఊరు మారింది. దీనికి డాక్టరుగారు జవాబు రాయలేదు; పుస్తకం మాత్రం రెండేళ్లు అట్టిపెట్టుకున్నారు.

ఇంత వివరంగా వాదించుకోగలుగుతున్నామంటే అక్కడి హెల్త్ ఆఫీసర్లు ఊరూరా ఏటేటా నివేదిక అచ్చేయడం వల్లే. మనకు గండిపేట ఆనకట్ట కొలతలు తెలుసు గానీ, ఏ మొహల్లాకు మోరీ ఎప్పుడొచ్చిందో, ఆ ఏడాది అక్కడ ఎన్ని కలరా చావులో పక్కపక్కన పెట్టి చూసినవారు నాకు తెలిసి లేరు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు మనమున్న రాయదుర్గానికి కూతవేటు దూరం. మన కాలంలో దానిలోకి మురుగు చేరింది, గుర్రపు డెక్క అల్లుకుంది. 2020లో తీగల వంతెన లైట్లు మాత్రం వెలిగాయి. ఈ రాయదుర్గం టవర్లకు నీళ్లు ట్యాంకర్లలో వస్తే అందరికీ తెలుస్తుంది. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయని లిఫ్టులో ఎవరినైనా అడిగి చూడండి.

అందుకే ఇప్పుడు మొహల్లాలవారీగా హైదరాబాదు మోరీల చరిత్ర రాస్తున్నాను. మీ తాతముత్తాతలెవరైనా బల్దియాలో, సఫాయిలో పనిచేసి ఉంటే ఇంట్లో ట్రంకుపెట్టెలు తెరవండి. జనన మరణ రిజిస్టరు నకళ్లు, టీకా చీటీలు, డ్రైనేజీ కనెక్షను రసీదులు, ఏవైనా సరే, ఉర్దూలో ఉన్నా సరే తెచ్చివ్వండి. స్కాన్ చేసుకుని వెనక్కి ఇచ్చేస్తాను, అంచుల్లో ఏమీ రాయను.