సూదికి దారి చూపు చప్పుడు

పక్షవాతము వచ్చి కోలుకొన్న పిదప కొందరికి చేయి బిగిసిపోవును. మోచేయి ముడుచుకొని రొమ్మున కానును. వ్రేళ్లు పిడికిలిగా మూసికొని గోళ్లు అరచేతిలో గ్రుచ్చుకొనును. స్నానము చేయించువారికి ఆ పిడికిలి విప్పుట గగనమగును. మా అన్నగారి కుడిచేయి రెండేండ్లు ఇట్లే యుండెను. ఆ చేతికి సూదిమందు వేయింప పోయినచోట నేను విన్న చప్పుడే నేటి ప్రసంగమునకు మూలము.

ఆ మందు బొట్యులినం టాక్సిన్. చెడిన నిలువ ఆహారములో ఒక సూక్ష్మజీవి పుట్టించు విషమే అది. దానినే అతిస్వల్పముగా కండరమున కెక్కించినచో, నరము బిగువుమని పంపు ఆజ్ఞ అందకుండ ఆపును. గుణము కొలది దినములలో మొదలై సుమారు మూడు నెలలు నిలుచును. అమెరికాలో 1989లో మెల్లకంటికి అనుమతి పొందిన ఈ మందు 2010లో పెద్దల చేతి బిగువునకును అనుమతి పొందినది.

అయితే మందు పడవలసిన చోటనే పడవలెను. ముంజేతిలో వ్రేళ్లను ముడుచు కండరములును, మణికట్టును వంచు కండరములును పొరలుగా ఒత్తుకొని యుండును. గురి తప్పినచో పిడికిలి విడదు సరికదా, మిగిలిన బలము కూడ సడలవచ్చును. అందులకే ఎలక్ట్రోమయోగ్రఫీ యంత్రము. కండరము పనిచేయునపుడు పుట్టు సూక్ష్మవిద్యుత్తును అది పెంచి వినిపించును. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అను శాస్త్రజ్ఞులు సూదిని లౌడ్‌స్పీకరునకు కలిపి ఇట్టి చప్పుడును వినిరి. నేడు మందు వేయు సూది బోలుగా నుండును. మొన తప్ప తక్కినదంతయు విద్యుత్తు సోకని పూతతో నుండును. వినుటయు, మందు వేయుటయు ఆ యొక్క సూదితోనే.

మేము పోయిననాడు వైద్యులు చేతిలో ఇముడు యంత్రములు రెండింటిలో ఒకటి కొనుటకై పరీక్షించుచుండిరి. నేను రేడియోలో పనిచేయువాడనని తెలిసి నన్నును వినుమనిరి. మొదటిదాని తెర అందముగా నున్నది; కాని విద్యుద్దీపము వెలిగింపగానే గుయ్యిమని రొద. రెండవదానికి తెర చిన్నది. ధ్వని మాత్రము నిర్మలము. నేను రెండవదే మేలంటిని.

"చెవికి మేలైనంత మాత్రమున చాలదండీ" అని వైద్యులు అన్నగారి ముంజేతిలో సూది దించిరి. మొదట గోడ కావలి మాటవలె మందమైన చప్పుడు. కొంత జరుపగా పోపులో ఆవాలవలె చిటపటలు. ఇక మందు వేయుటే యనుకొంటిని. వారు మీట నొక్కి ఆ సూదిగుండనే స్వల్పవిద్యుత్తు పంపిరి. వ్రేళ్లు కదలలేదు, మణికట్టు వంగెను! బిగిసిన కండరము చెంతనున్నదని చప్పుడు చెప్పును గాని, దాని పేరు చెప్పదు. సూది జరిపి మరల నొక్కగా ఉంగరపు వ్రేలు కదలెను. మందు అపుడు వేసిరి.

కనుక ఇట్టి యంత్రము కొనువారు చూడవలసినవి ఇవి: ధ్వని స్పష్టత, రొద నడచు శక్తి, విద్యుత్తు పంపి కండరమును గుర్తించు సదుపాయము, బ్యాటరీతో పనిచేయుట, తగిన సూదులు ఎప్పుడును దొరకుట. సూది ప్రతి రోగికిని క్రొత్తదే కావలెను గదా! అల్ట్రాసౌండు కూడ తోడైనచో కండరము కంటికిని కనబడును.

మూడు వారములకు అన్నగారి పిడికిలి విప్పి గోళ్లు తీయగలిగితిమి. వ్రాత మరల రాలేదు. ఆ మందు పోయిన శక్తిని తేదు, వ్యాయామమునకు దారి నిచ్చును.

మీ యింట ఇట్టివారున్నచో, "సూది సరియైన కండరములో నున్నదని ఎట్లు తెలిసికొందురు?" అని వైద్యుని అడుగుడు. రక్తము పలుచబరచు మందులు వాడుచున్నను, గుండెకు పేస్‌మేకరు ఉన్నను ముందే చెప్పుడు. మందు వేసిన పిదప మ్రింగుటకు గాని, ఊపిరి తీయుటకు గాని కష్టమైనచో వెంటనే ఆసుపత్రికి పొండు. అడుగుట అవిధేయత కాదు. మూసికొన్న ఆ పిడికిలి తరఫున పలుకవలసినవారము మనమే.