చుట్టరికం దారిలో వచ్చిన మతం: తెలుగునాట మార్మన్లు
(చెన్నూరు స్మారకోపన్యాసం)

చెన్నూరు వాళ్లకు క్రైస్తవం కొత్త కాదు. కేథలిక్కుల ఆదిలాబాదు మేత్రాసనానికి పీఠం పక్కనే మంచిర్యాలలో ఉంది. 1999లో అది విడిగా ఏర్పడకముందు ఈ ప్రాంతం ప్రాణహిత అవతలి చాందా మేత్రాసనం కింద ఉండేది. మెదక్‌లో మిషనరీ పాస్నెట్ దొర కరువు పనిగా మొదలుపెట్టిన చర్చి 1924లో పూర్తయింది. ఇవన్నీ బడితోనో దవాఖానతోనో ఊళ్లలోకి వచ్చిన సంఘాలు. మార్మన్లు వచ్చిన తోవ వేరు.

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘం ఇది. బైబిలుతోపాటు మార్మన్ గ్రంథాన్నీ పవిత్రంగా భావిస్తుంది. 1850లలోనే దీని ప్రచారకులు కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో తిరిగారు గాని ఇక్కడ సంఘం నిలదొక్కుకోలేదు.

తెలుగువాళ్ల దగ్గరికి అది సమోవా దీవుల మీదుగా వచ్చింది. అక్కడ పురుగుల శాస్త్రవేత్తగా పనిచేసిన ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ ఆ దీవుల్లోనే మార్మన్లయ్యారు. 1978 డిసెంబరులో ప్రచారకులుగా హైదరాబాదు వచ్చారు. ఆ విడతలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు 22 మంది, దాదాపు అందరూ వాళ్ల బంధువులే. ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం అప్పటికే పేరున్న పాస్టరు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయనకే అప్పగించారు. ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి.

ధర్మరాజు దంపతులు రావడానికి వందేళ్ల ముందు, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో మిషనరీ క్లౌ దొర బృందం ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అది కరువు కాలం. వాడలకు వాడలే కదిలాయి. హైదరాబాదులో కదిలింది ఒక కుటుంబం, అదీ చదువుకున్న క్రైస్తవ కుటుంబం.

మార్మన్ సంఘానికి మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలోనూ మొదలు ఇలాంటిదే. 1940లలో రబ్బరు సాగు పనిమీద అక్కడికి వెళ్లిన మార్మన్ సభ్యుడు జాన్ ఒడానల్ అడగ్గా 1947లో ప్రచారకులొచ్చారు. మరుసటేడు మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆయన భార్య కార్మెన్. 1984లో రాజధానిలో, ప్రత్యేక సంస్కారాలు జరిపే దేవాలయం వెలిసింది. 2020 నాటికి సభ్యులు రెండున్నర లక్షలు దాటారు. అదే ఏడాదికి భారతదేశమంతా కలిపినా ఇరవై వేలు లేరు.

మరి తేడా ఎక్కడ? అక్కడ విదేశీ కుర్రాళ్లు జంటలు జంటలుగా గడపగడపా తొక్కారు. ఇక్కడ విదేశీ ప్రచారకులకు వీసా దొరకడమే కష్టం. పైగా ఈ సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకునే సభ్యుడే ఆదివారం సంఘాన్ని నడపాలి. సంపాదనలో పదోవంతు ఇవ్వాలి. కల్లు, సారా, పొగాకు సరే, చాయ్, కాఫీ కూడా ముట్టకూడదు. ఇంటికొచ్చిన చుట్టానికి ముందు చాయ్ పోసే తెలంగాణలో ఇది చిన్న నియమం కాదు.

అయినా సంఘం నిలిచింది. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. 2012 మేలో, దేశంలోనే మొదటి స్టేక్, అంటే పలు స్థానిక సంఘాలను కలిపిన పెద్ద విభాగం, హైదరాబాదులో వెలిసింది. రాజమండ్రి, విశాఖపట్నంలలోనూ సంఘాలున్నాయి. దేవాలయ సంస్కారాల కోసం హాంకాంగ్ దాకా ప్రయాణం కట్టిన కుటుంబాలున్నాయి. 2018లో బెంగళూరుకు దేవాలయం ప్రకటించారు, 2020 డిసెంబరులో భూమిపూజ జరిగింది.

ఊరు మారితే మిషన్ చరిత్ర అవుతుంది, కుటుంబం మారితే ఇంటి ముచ్చటగానే మిగిలిపోతుంది. అందుకే తెలుగు క్రైస్తవ చరిత్రలు రాసేటప్పుడు మెదక్, ఒంగోలుల దగ్గరే ఆగిపోకూడదు. ఈ చిన్న సంఘం కథ చర్చి రికార్డుల్లో కన్నా ఇళ్లలోనే ఎక్కువ ఉంది. 1978 తరం పెద్దలు ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేసే పని మన విశ్వవిద్యాలయాల చరిత్ర విద్యార్థులు చేపట్టాలి.