స్వరలేఖనమున కాలపఠనము



ఎట్టయపుర సంస్థానమువారి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు 1904వ సంవత్సరమున "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అచ్చుపడి వెలువడునప్పటికి, తద్గ్రంథకర్తయగు సుబ్బరామ దీక్షితులవారు వృద్ధులు. తమిళదేశమున నివసించుచు, నొక్కు, రవ, ఒడుక్కల్ మొదలగు పేళ్లతో వైణికులు వ్యవహరించు గమకములకు ప్రత్యేక చిహ్నములు కూర్చి, ఆ మహాగ్రంథమును తెలుగుభాషలో, తెలుగులిపిలో ప్రకటించిన ఆ మహనీయుడు, మరుసటి యేట ప్రథమాభ్యాసమునకై వేరొక పుస్తకమును సైతము సిద్ధపరచెను. ముత్తుస్వామి దీక్షితులవారి కీర్తనభాండారమును లోకమునకు అప్పగించిన విద్వాంసుడు, పిదప పసిపిల్లల పాఠములకై కలము పట్టుటలోని ఔచిత్యమును మనము నిండుగా గ్రహింపలేదని నా అభిప్రాయము. ఆయనను స్మరించు ఈ సాయంకాలమున ఆ తొలిపాఠముల లిపిని గూర్చియే, అందునను కాలమును చదువుటను గూర్చియే విన్నవించుకొందును.

స్వరస్థానములను తెలుపుటలో మన లిపి మిక్కిలి మితభాషిణి. "రి" యని వ్రాసినప్పుడు అది మాయామాళవగౌళలోని శుద్ధరిషభమో, శంకరాభరణములోని చతుశ్శ్రుతిరిషభమో ఆ అక్షరము చెప్పదు. పుటపై నున్న రాగనామమే చెప్పవలెను. తారస్థాయికి పైన చుక్క, మంద్రస్థాయికి క్రింద చుక్క, అంతటితో సరి. కాలవిషయమున మాత్రము ఆ లిపియే అత్యంత నిష్కర్ష గలది. హ్రస్వము ఒక అక్షరకాలము, దీర్ఘము రెండు; కామా ఒకటి, సెమికోలను రెండు; మీద ఒక గీత గీచిన కాలము సగమగును, రెండు గీతలు గీచిన పాతికయగును; ఒక నిలువుగీత తాళాంగముయొక్క అంతమును, జంటగీతలు ఆవర్తముయొక్క అంతమును సూచించును. ఛందస్సులో లఘుగురువులను గుర్తించి గణవిభజన చేయనేర్చిన తెలుగు బాలునకు ఈ పద్ధతిలో సగభాగము పూర్వపరిచితమే.

ఇంత నిష్కర్షగల లిపిని మన పిల్లలు చదువుచున్న తీరు మాత్రము శోచనీయము. కంటికి కనబడిన అక్షరములనెల్ల వరుసగా పలికి, కామా వచ్చినచోట నోరు మూసికొనుట నేను పెక్కుచోట్ల గమనించితిని. గద్యమున కామా విరామచిహ్నమే కావచ్చును; స్వరలేఖనమునందు అది విరామము కాదు, వెనుకటి స్వరముయొక్క ఆయుర్దాయము. దానియందు నాదము సాగవలెను, శ్రుతి నిలువవలెను, చేయి తన లెక్కను తాను నడుపుచుండవలెను.

సప్తతాళాలంకారములలో మిశ్రజాతి ఝంపతాళమును ఉదాహరణముగా గైకొందము. ఏడక్షరముల లఘువు, ఒక అనుద్రుతము, ఒక ద్రుతము, వెరసి పదియక్షరములు. అలంకారపు మొదటి వరుస ఇది: స రి గ స రి స రి | గ | మ , ||. లఘువునందు తొలి ఘాతపు వెంట చిటికెనవ్రేలు మొదలుకొని బొటనవ్రేలివరకు ఐదును ఎన్నిన పిమ్మట, ఏడవ అక్షరమునకు మరల చిటికెనవ్రేలికే రావలసియున్నది. అనుద్రుతపు ఘాతమున గాంధారము పడును, ద్రుతపు ఘాతమున మధ్యమము పడును. అరచేయి వెనుకకు తిరుగు విసర్జితమున నూతనస్వర మేదియు లేదు, కామా మాత్రమే కలదు. ఆ తిరిగిన చేతియందు మధ్యమము సజీవముగా నున్నదా లేదా అనుటయే పరీక్ష.

ఇక ద్వితీయకాలమునకు పోదము. తాళము యథాతథముగా నడచుచుండగా ఒక్కొక్క క్రియకు రెండేసి స్వరములు పలుకవలెను గనుక, మొదటి వరుస అయిదవ అక్షరముననే, అనగా చూపుడువ్రేలిమీదనే ముగియును. పూర్వము ద్రుతమంతయు ఆక్రమించిన మధ్యమమును దాని కామాయును ఇప్పుడా ఒక్క వ్రేలిమీద ఇమిడిపోవును. రెండవ వరుస లఘువు నడుమ, బొటనవ్రేలిమీద, ఆరంభమగును. అచ్చులోని నిలువుగీతలకును చేతిలోని అంగములకును అచ్చట పొత్తు లేదు. పుస్తకమునే నమ్మి చదువువాడు సరిగా ఇచ్చటనే తడబడును. చేతిని నమ్మినవాడు విసర్జితమున రెండవ వరుసలోని కామాను ముగించి, సమమునకు సుఖముగా చేరును. మూడు కాలముల సాధనచేయుమని పెద్దలు నిర్బంధించుట కేవలము వేగముకొరకని తలచుట పొరపాటు. ఒకే వరుస తాళముయొక్క వేర్వేరు స్థానములలో పుట్టి, వేర్వేరు స్థానములలో ముగియుట అనుభవమునకు వచ్చుటకే ఆ సాధన.

లిపి చెప్పజాలని విషయములును గలవు. జంటవరుసలలో "స స రి రి" యని సమానముగా అచ్చువేసిన జంటలందు రెండవ స్వరము, క్రింది స్వరమును లేశమాత్రము స్పృశించి స్ఫురితముగా పలుకవలెననుట సామాన్య పాఠ్యపుస్తకములలో కానరాదు. సుబ్బరామ దీక్షితులవారు గమకచిహ్నములకై అంత శ్రమించుటకు హేతువిదియే. అయినను గురుకంఠమున వినకయే ఆ చిహ్నమును చూచి స్ఫురితము పలికినవానిని నే నెరుగను.

పూర్వము గురుగృహమున ఒకరిద్దరు శిష్యులు సంవత్సరములతరబడి విని నేర్చుకొనునప్పుడు పుస్తకముయొక్క ఆవశ్యకత స్వల్పము. 1919లో విజయనగరమున సంగీత కళాశాల స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులై, ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులైన నాటినుండి ఆంధ్రదేశమున సంగీతవిద్య తరగతిగదిలోనికి వచ్చినది. ఒక గురువునెదుట బహువిద్యార్థులు కూర్చుండు స్థితిలో స్వరలేఖనము అనివార్యము. దానిని నిందించుటవలన ప్రయోజనము లేదు, చక్కగా చదువ నేర్పవలెను.

అందులకై ఉపాధ్యాయులకు నాదొక్క మనవి. పాఠమును పుస్తకమున చూపుటకు ముందు పాడి వినిపించి, విన్నదానిని తాళము వేయుచు విద్యార్థిచేతనే వ్రాయింపుడు. ఖండజాతి అటతాళమునకు సంబంధించిన అలంకారమున కామాలు విస్తారముగా నుండుటచే అది ఈ పనికి మిక్కిలి తగినది. వ్రాసిన పంక్తిలో పదునాలుగు అక్షరకాలములు సరిపడినవో లేవో వానినే లెక్కింపనిండు. తక్కువపడినచో దిద్దిపెట్టక, మరల పాడి, మరల వ్రాయింపుడు. పరీక్షలయందును కంఠస్థమైన వరుసలతో సరిపుచ్చక, విద్యార్థి ఎన్నడును చూడని నాలుగు ఆవర్తముల స్వరమునిచ్చి, మొదట స్థాయిభేదము లేక ఒకే షడ్జముమీద కాలమును మాత్రము చదివించి, అది కుదిరిన తరువాతనే స్వరములతో పాడింపవలెను.