నడిబొమ్మ బొంత

పాతచీరల పేలికలు కూర్చి బొంత కుట్టుట మన యిండ్లలో నెఱిగిన పనియే. ఆంగ్లదేశపు స్త్రీలు కుట్టిన ఆఱుమూలల ముక్కల బొంతకును మన తీరమునకును సంబంధము కలదు.

మచిలీపట్నపు కలంకారీవంటి అద్దకపు బట్టలపై అచట మోజు ప్రబలగా, ఉన్ని, పట్టు నేతగాండ్ర మొఱ విని పార్లమెంటు 1721లో అద్దకపు నూలుబట్టల వాడుకనే నిషేధించెను. తమ దేశమున నేసిన నూలుబట్టకు 1774లో ఆ నిషేధము తొలగెను. పిమ్మట అచటి అద్దకమువారు బొంత నడుమ నిలుపుటకై పూలగుత్తి బొమ్మలను వేఱుగా అచ్చొత్తిరి. 1813 నాటి విటోరియా విజయమునకు గుర్తుగా అట్టివి వెలువడెను. వీనిని మనము నడిబొమ్మ లందము.

కుట్టుటకు ముందు నడిబొమ్మను కొలువవలెను. కాగితమును ఆఱుమూలలుగా కత్తిరించి, దానిపై గుడ్డ మడిచి కచ్చాకుట్టు వేసి, అంచునకు అంచు చేర్చి కుట్టుదుము. తుదకు కాగితములను తీసివేయుదుము. భుజము 1 అంగుళమైనచో వరుసకు 1½ అంగుళము పెరుగును. ఆ లెక్కకు బొమ్మ సరిపడనిచో ముక్కల పరిమాణమును మార్చవలెనే కాని బొమ్మను కోయరాదు. తెగిన పువ్వు మరల అతుకదు. బొమ్మ అంచు తిన్నగాను, ముక్కల అంచు ఱంపపు పండ్లవలెను ఉండును. ఆ పండ్లను బొమ్మ అంచుపైకి తెచ్చి అణచి కుట్టినచో సందు కనబడదు. మొదటి వరుసకు బొమ్మలోని లేతరంగునే యెన్నుకొన్నచో కన్నులకు విశ్రాంతి కలుగును.

పెడనలో నేటికిని చెక్క అచ్చులతో కలంకారీ అద్దుచున్నారు. మన యింట చినిగిన కలంకారీ దుప్పటి యున్నచో, పేలికలుగా చింపక ముందు దాని నడిమి పువ్వును కొలిచి చూతము. పరదేశపు చట్టమునకే లొంగని సొగసు మన పెట్టె అడుగున మఱుగుపడనేల?