సైబరాబాద్ మీద బుధుడు

సాయంత్రం హైటెక్ సిటీలో ఆఫీసు వదిలాక, దుర్గం చెరువు తీగల వంతెన నడకదారిలో ఒక్క నిమిషం పడమటికి చూడండి. కొన్ని నెలలపాటు అక్కడ దీపంలా వెలిగేది శుక్రుడు. తెల్లవారుజామున తూర్పున కనిపిస్తే వేగుచుక్క అంటాం. రోమన్లకు ప్రేమదేవత వీనస్, మనకు రాక్షసుల గురువు!

నాకు మాత్రం బుధుడంటే ఇష్టం. రోమన్లకు ఆయన మెర్క్యురీ, వర్తకుల దేవుడు. గ్రీకుల హెర్మెస్సూ ఆయనే: దేవతల వార్తాహరుడు, కాళ్లకు రెక్కల చెప్పులు. 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టివచ్చే గ్రహానికి అంతకన్నా తగిన పేరేముంది? మన జ్యోతిషంలోనూ వ్యాపారం బుధుడిదే. మన బుధవారం ఫ్రెంచివాళ్లకు మెర్క్రెదీ, అంటే మెర్క్యురీ రోజు. రాత్రింబవళ్లు సందేశాలూ లావాదేవీలూ నడిచే ఈ వీధులకు ఆయన దగ్గరి చుట్టమే.

ఈ వీధులున్న సైబరాబాద్ పేరులోనూ గ్రీకు మాట ఉంది. కుబెర్నేటెస్ అంటే ఓడ చుక్కాని పట్టేవాడు. 1948లో నార్బర్ట్ వీనర్ పుస్తకంతో అది సైబర్నెటిక్స్‌గా లోకానికి తెలిసింది; అందులోంచే సైబర్ వచ్చింది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది.

ఇక ఆకాశంలోని బుధుడు సూర్యుణ్ణి విడిచి దూరం పోడు. సాయంత్రం కనిపించే రోజుల్లో పొద్దుగుంకాక కాసేపే ఉంటాడు, ఆ కాసేపూ అద్దాల మేడలు అడ్డం. పడమర తెరిపిగా ఉన్న డాబా ఎక్కితే, దిగంతానికి కాస్త పైన చిన్న చుక్కగా దొరుకుతాడు.